పిల్లలను అప్పగించే చోట ఒక పద్ధతి ఉండాలి

దీపాలు పెట్టే వేళకు చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఏ భజన మందిరం ముందుకు వెళ్లినా కోలాటం కట్టెలు పట్టుకుని వరుస కట్టిన పిల్లలు కనిపిస్తారు. ఆదివారం తెల్లవారితే తిరుపతి మైదానాల్లో కరాటే, క్రికెట్ శిక్షణ మొదలవుతుంది. గుడి మండపంలోనో అద్దె గదిలోనో ఉచితంగా చదువు చెప్పే యువకులున్నారు, వేసవి సెలవుల్లో పద్యాలూ శ్లోకాలూ నేర్పే గృహిణులున్నారు, చెక్కభజన నేర్పి బ్రహ్మోత్సవాలకు పిల్లలను తిరుమల తీసుకెళ్లే గురువులున్నారు. వీరిలో చాలామంది చేతి డబ్బు పెట్టుకుని, సేద్యమో ఉద్యోగమో చూసుకోగా మిగిలిన పొద్దంతా పిల్లలకే ఇస్తున్నవారు. వారి సేవ మీద గౌరవంతోనే, పిల్లల రక్షణ కోసం ఆ సేవకు ఇప్పటిదాకా కొరవడిన ఒక కట్టుదిట్టం గురించి మేము రాస్తున్నాము.

బడికి వెళ్లిన బిడ్డకు ఎవరు జవాబుదారో అందరికీ తెలుసు. ప్రధానోపాధ్యాయుడు ఉంటారు, ఆయనపై మండల విద్యాశాఖాధికారి ఉంటారు, హాజరుపట్టీ ఉంటుంది. పిల్లలను ఉంచి పోషించే ఆశ్రమమైతే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. కాకపోతే నిర్వాహకులకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ తప్పవు. నలుగురైదుగురు పెద్దలు, ముప్పై మంది పిల్లలు ఉన్న భజన బృందం మాత్రం ఏ అధికారి కంటికీ ఆనదు. నేర్పేవారు ఎవరు, అంతకుముందు ఎక్కడ నేర్పారు, ఎందుకు మానేశారు, పిల్లలను ఏ ఊరికి తీసుకెళ్తున్నారు, తిరిగి ఎప్పుడు తెస్తారు అన్నవి ఏ కాగితం మీదా ఉండవు. ‘మనవాడే కదా’ అన్న ఒక్క మాట మీద అంతా నడుస్తుంది.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ మాటే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం కోసం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్లు చెప్పారు. హాని చేసినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, వారి బాగోగులు చూడవలసిన స్థానంలో ఉన్నవారు. అధ్యయనం పాతదే అయినా, ఏటా వచ్చే జాతీయ నేర గణాంకాల్లో పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష విధించే పోక్సో చట్టం కింద నమోదైన కేసుల నిందితులను చూస్తే నూటికి తొంభై మందికి పైగా తెలిసినవారే. ముఖం తెలిసినంత మాత్రాన బిడ్డకు రక్షణ దొరికినట్లు కాదని ఇంతకంటే స్పష్టంగా ఏ లెక్కలూ చెప్పలేవు.

చట్టంలో లోటు లేదు. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని అనుమానం కలిగినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే దాచితే ఏడాది వరకు జైలు, దానికి తోడు జరిమానా. ఆ సంస్థను ఏ పేరుతో పిలిచినా సరే అని చట్టమే అంటోంది. 2020 మార్చిలో వచ్చిన పోక్సో నియమాలు ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లలతో తరచూ సంబంధం ఉండే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను ఎప్పటికప్పుడు పోలీసుల ద్వారా తనిఖీ చేయించాలన్నాయి. ప్రతి రాష్ట్రం ఒక బాలల రక్షణ విధానం రూపొందించాలని, పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా దాన్ని పాటించాలని కూడా చెప్పాయి. ఇలాంటి నియమం ఒకటుందని పల్లెలోని కోలాటం గురువుకు చెప్పే బాధ్యతను ఇంతవరకు ఎవరు తీసుకున్నారు?

తెలియకపోవడం ఒక ఎత్తు, తెలిసీ దాచడం ఒక ఎత్తు. బృందంలో ఒకరి ప్రవర్తన బాగాలేదని ఏ తల్లో వచ్చి చెబితే, చాలాచోట్ల పెద్దమనుషులకు ముందు గుర్తొచ్చేది బృందం పేరు, గుడి పేరు, ఊరి పరువు. ఆ మనిషిని నాలుగు మాటలు మందలించి, రేపటి నుంచి రావద్దని పంపేస్తారు. ఆడపిల్ల పెళ్లి కావలసింది, బయటికి పొక్కితే మీకే నష్టమని తల్లిదండ్రులకు నచ్చజెబుతారు. ఆ మనిషి పక్క మండలంలో మరో బృందంలో చేరతాడు, అక్కడ కూడా పిల్లలే ఉంటారు. ఇలా సర్దిచెప్పేవారిలో చెడ్డవారు తక్కువే. గొడవ చల్లార్చడమే మంచితనమని నమ్మేవారే ఎక్కువ. వారు చేస్తున్నది చట్టం దృష్టిలో నేరం, ఆ బిడ్డ దృష్టిలో రెండో దెబ్బ. ఒక గిరిజన పాఠశాల హాస్టల్‌లోని బాలికలపై జరిగిన నేరాన్ని పోలీసులకు తెలపలేదన్న ఆరోపణ ఎదుర్కొంటున్న వైద్యుడిపై కేసును హైకోర్టు కొట్టివేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి, సమాచారం ఇవ్వకపోవడాన్ని తీవ్రమైన నేరంగా చూసింది. సదుద్దేశంతో ఫిర్యాదు చేసినవారిపై సివిల్‌గా గాని క్రిమినల్‌గా గాని చర్య ఉండదని పోక్సో చట్టం హామీ ఇస్తోంది. బిడ్డ పేరు, ఊరు, బడి బయటపెట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. పరువు పోతుందన్న భయానికి జవాబు చట్టంలోనే ఉంది. పెద్దమనుషులు దాన్ని చదవాలి.

ఇక చిన్న బృందం చేయగలిగినదేమిటి? లక్షల ఖర్చు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. రాత్రి ప్రయాణాన్నే తీసుకుందాం. పల్లె నుంచి మినీ బస్సులో ముప్పై మంది పిల్లలు తిరుమలకో, పక్క జిల్లాలో తిరునాళ్లకో బయలుదేరతారు. ఎవరెవరు వెళ్తున్నారో పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు, ఫోన్ నంబర్లు ముందే రాసి ఉండాలి. ఆడపిల్లలు ఉంటే తోడుగా ఆడవాళ్లు కచ్చితంగా వెళ్లాలి. బస చేసే హాలులో ఏ బిడ్డా ఒంటరిగా ఒక పెద్దమనిషితో ఒకే గదిలో ఉండకూడదు. స్నానాలు, బట్టలు మార్చుకోవడం, వేషాలు కట్టడం పిల్లలకు మరుగు ఉండే చోటే జరగాలి. ఒక బిడ్డను ఇంటి దగ్గర దించాలన్నా బండి మీద ఒక్కరే తీసుకెళ్లకూడదు. శిక్షణ ఇచ్చేవారు పిల్లలతో విడిగా ఫోన్ సందేశాలు నడపకూడదు, చెప్పవలసినది తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెప్పాలి. అడుగు తప్పిన పిల్లవాణ్ని కట్టెతో కొట్టే అలవాటుకు ‘గురువు దండన’ అని పేరు పెట్టుకోవడం కూడా ఆగాలి. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది, భజన మందిరంలో అది మంచి ఎలా అవుతుంది? ఈ కట్టుబాట్లు మంచి గురువుకు అవమానం కావు. రేపు ఎవరైనా లేనిపోని నింద వేస్తే ఆయనకు అండగా నిలిచేవి ఇవే.

పిల్లలు నోరు విప్పి చెప్పినప్పుడు పెద్దలు ఎలా వింటారన్నది అన్నిటికన్నా ముఖ్యం. నలుగురి ముందు నిలబెట్టి మళ్లీ మళ్లీ అడగడం, ఆ మనిషిని ఎదురుగా పిలిచి నిజమేనా అని నిలదీయడం వల్ల బిడ్డ బెదిరిపోయి చెప్పిందంతా వెనక్కి తీసుకుంటుంది. చెప్పింది ఓపికగా విని, బిడ్డ వాడిన మాటలనే రాసిపెట్టి, తప్పు నీది కాదని ధైర్యం చెప్పి, బాలల సహాయవాణి 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోన్ చేయడం బృందం పని. విచారణ బృందం పని కాదు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలని చట్టం చెబుతోంది.

పూర్వాపరాల తనిఖీలో మాత్రం బృందాలను నిందించి ప్రయోజనం లేదు. లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధి 2018లో ఏర్పడింది గాని, దాన్ని చూసే వీలు దర్యాప్తు సంస్థలకే ఉంది. అలా ఉండడమూ సబబే. కాబట్టి చూసి చెప్పవలసింది పోలీసులే. ఇంగ్లండ్‌లో పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సేవకులకు ఈ తనిఖీ రుసుము లేకుండా జరుగుతుంది. మన రెండు జిల్లాల ఎస్పీలు కూడా చిన్న బృందాలకు ఈ పని ఉచితంగా, స్టేషన్ చుట్టూ తిప్పకుండా చేయించాలని కోరుతున్నాము. ఊళ్లోనే దరఖాస్తు తీసుకుంటే ఏ గురువుకూ చిన్నతనంగా ఉండదు.

జిల్లా బాలల సంరక్షణ విభాగాలు రెండు పుటల్లో, వాడుక తెలుగులో ఒక నియమావళి అచ్చువేసి ప్రతి భజన మందిరానికీ, ప్రతి శిక్షణ కేంద్రానికీ పంపాలి. ఉత్సవాల్లో ప్రదర్శనకు బృందాలను పిలిచే దేవస్థానాలు, ఆలయ కమిటీలు పేర్లు నమోదు చేసుకునేటప్పుడే పిల్లల జాబితా, తోడు వచ్చే పెద్దల వివరాలు, తల్లిదండ్రుల అనుమతి అడగవచ్చు. మాడవీధుల్లో ఆడే అవకాశం కోసం ఏడాదంతా సాధన చేసే బృందాలు ఆ కాగితాలు ఆనందంగా ఇస్తాయి. తల్లిదండ్రులు కూడా బిడ్డను చేర్చిన రోజునే మొహమాటం లేకుండా అడగాలి: రాత్రి బసలో పిల్లల దగ్గర ఎవరు ఉంటారు, మా బిడ్డకు ఏదైనా ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పుకోవాలి, ఆ చెప్పుకోవలసిన మనిషి మీదే ఫిర్యాదు అయితే ఇంకెవరికి చెప్పుకోవాలి?