కంపెనీకి దేనికి డబ్బు కడుతున్నామో ముందు చెప్పండి

నగరాలూ కంపెనీలూ కలిసి వాతావరణం కోసం పనిచేస్తాయంటూ ఎంఓయూ (ప్రాథమిక ఒప్పంద పత్రం) ఫోటో వచ్చిన ప్రతిసారీ, ప్రైవేటు అంటేనే దోపిడీ అని కొందరు, ప్రైవేటు వస్తే తప్ప పని జరగదని కొందరు కొట్టుకుంటారు. నేను అడిగేది ఒక్కటే. ఒప్పందంలో ఆ కంపెనీకి దేనికి డబ్బు ఇస్తామని రాశారు?

విశాఖ చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బకు ఊరు చీకటైపోయింది. ఆ తర్వాత 90 వేలకు పైగా ఎల్ఈడీ వీధి దీపాలు పెట్టారు. ముందు పెట్టుబడిలో ఎక్కువ భాగం ఈఈఎస్ఎల్ పెట్టుకుంటే, తగ్గిన కరెంటు బిల్లులోంచి కార్పొరేషన్ ఏళ్ల తరబడి తీర్చేలా ఏర్పాటు. ఈఈఎస్ఎల్ ప్రభుత్వ విద్యుత్ సంస్థలు కలిసి పెట్టిన కంపెనీయే, నిజమే, కానీ ఈ పద్ధతిలో కరెంటు ఆదా అయితేనే అందరి లెక్కా కుదురుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌కు రండి. 2009లో నగరం చెత్త నిర్వహణను 25 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. చెల్లింపు టన్నుల లెక్కన. నాకు మండేది ఇక్కడే. టన్నుకు ఇంత అని ఇస్తే చెత్త తగ్గాలని ఎవరు కోరుకుంటారు? ఒక అపార్ట్‌మెంటు వాళ్లు తడి చెత్తను కిందే ఎరువు చేసుకుంటే యార్డుకు వెళ్లే బరువు తగ్గుతుంది, ఆ మేరకు కంపెనీకి వచ్చే డబ్బూ తగ్గుతుంది. తప్పు కంపెనీది కూడా కాదు, అలా రాసి సంతకం పెట్టినవాళ్లది.

పాత చెత్త గుట్టను కప్పారు, 2020లో 19.8 మెగావాట్ల కరెంటు ప్లాంటూ మొదలైంది, అవి చిన్న పనులని నేననను. కానీ మల్కారం చెరువులోకి దిగిన ఆ నల్లటి ఊట, దమ్మాయిగూడ, నాగారం వాళ్లు ఏళ్లుగా పీలుస్తున్న ఆ కంపు ఏ ప్రాజెక్టు లెక్కలో రాశారు? మన చెత్తలో దాదాపు సగం తడి చెత్త. అది గాలి ఆడని గుట్టలో కుళ్లితే మీథేన్ వస్తుంది, 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పోనీ కాల్చేద్దామంటే తడిది సరిగా మండదు, బాగా మండేది ప్లాస్టిక్. ప్లాస్టిక్ అంటే పెట్రోలియమే కదా, దాన్ని తగలబెట్టి వచ్చిన కరెంటును గ్రీన్ అంటే నాకు మింగుడుపడదు.

ఇండోర్‌లో కూడా ప్రైవేటు సంస్థే. 2022 ఫిబ్రవరిలో మొదలైన, తడి చెత్త నుంచి వాహనాలకు వాడే గ్యాస్ తీసే బయో సీఎన్‌జీ ప్లాంటుకు రోజుకు 550 టన్నుల తడి చెత్తను వాడుకునే సామర్థ్యం ఉంది, ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుపుతున్నారు. పెట్టుబడి కంపెనీది, పైగా కంపెనీయే ఏటా కార్పొరేషన్‌కు డబ్బు కట్టాలి. ఇది మంత్రమేమీ కాదు. అంతకు ఏళ్ల ముందే ఆ ఊరు ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరు చేయడం అలవాటు చేసింది. గాజు పెంకులూ ప్లాస్టిక్ కవర్లూ కలిస్తే చెత్తను కుళ్లబెట్టి గ్యాస్ తీసే ట్యాంకు (డైజెస్టర్) దెబ్బతింటుంది కాబట్టి కంపెనీకీ శుభ్రంగా వేరు చేసిన చెత్తే కావాలి. మన దగ్గర చాలా కాలనీల్లో జనం వేరు చేసి ఇచ్చినా ఆటోలో రెండూ కలిసిపోతున్నాయి. ఎంత మంచి ప్లాంటు తెచ్చినా అలాంటి చెత్తతో ఏం చేస్తుంది?

ఇండోర్ గురించే ఇంకో సంగతి. నర్మద నీళ్లు పంపు చేయడానికి సోలార్ ప్లాంటు కోసం 2023లో ఆ కార్పొరేషన్ గ్రీన్ బాండ్లు (పర్యావరణ పనుల కోసం తీసుకునే అప్పు పత్రాలు) అమ్మి 244 కోట్ల రూపాయలు తెచ్చింది. బాండ్లు జనానికి అమ్మాలంటే అప్పులు, ఆదాయం, రిస్కు అన్నీ కాగితం మీద పెట్టి బయటపెట్టాలి. బాండు కొనేవాడికి చూపించే కాగితాలు ఆస్తి పన్ను కట్టేవాడికి ఎందుకు చూపించరు?

రేపు ఎలక్ట్రిక్ బస్సులైనా, చెరువుల దత్తతైనా, ఎండ వేడిని తగ్గించే కూల్ రూఫులైనా సరే, సంతకానికి ముందే ఆ ఒప్పందాన్ని తెలుగులో వెబ్‌సైట్‌లో పెట్టండి. చెత్త విషయంలో అయితే ఏ వార్డు నుంచి ఎంత తడి చెత్త వేరుగా వచ్చింది, ఎంత గుట్టకు పోయింది, కంపెనీకి ఎంత కట్టారు, ఈ మూడు అంకెలూ ప్రతి నెలా వార్డు ఆఫీసు గోడ మీద అంటించండి. తర్వాతి ఒప్పందంలో చెల్లింపు గుట్టకు చేరిన టన్నుకు కాకుండా, గుట్టకు చేరకుండా ఆపిన టన్నుకు ఇవ్వండి.