మందు మాన్పించే మందు

బెంగళూరులో కె.ఆర్.పురం నుంచి యశవంతపుర దాకా ఏ ఫ్లైఓవర్ స్తంభం చూసినా ఆ కాగితం అంటించే ఉంటుంది: తాగేవారికి తెలియకుండానే కూరలో కలిపే పొడితో తాగుడు మాన్పిస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి. చదువుకున్నవాళ్లు దాన్ని చూసి నవ్వుకుంటారు, ఇంటికెళ్లి అదే పనికి ఫోన్లో వీడియో వెతుక్కుంటారు. అక్కడ పొడి ఉండదు, మెదడు బొమ్మ ఉంటుంది, డోపమైన్ (కోరిక పుట్టించడంలో పాత్ర ఉన్న మెదడు రసాయనం) అన్న మాట నాలుగుసార్లు వినిపిస్తుంది, 21 రోజులు గట్టిగా నిలబడితే చాలంటారు.

ఈ 21 రోజుల లెక్క మా ఆదివారం పేజీలోనూ వచ్చింది కాబట్టి ముందు మా తప్పు ఒప్పుకుంటున్నాం. దాని మూలం 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట: ఆపరేషన్ అయినవాళ్లకి తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం మూడు వారాలు పడుతోందని. ముక్కుకీ క్వార్టర్ సీసాకీ ఏం చుట్టరికం? తర్వాతెప్పుడో లండన్‌లో 96 మంది మీద చూస్తే ఒక అలవాటు కుదరడానికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా తేలింది, అదీ భోజనంతో పండు తినడం లాంటి చిన్న అలవాట్లకి, వ్యసనానికి కాదు.

ఇంతవరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు, పొద్దున లేవగానే చేతులు వణికి ఒక గుటక పడితే గానీ కుదుటపడనివాడు, అలాంటి వీడియో చూసి రేపటి నుంచి బంద్ అని గది తలుపేసుకుంటే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడో రోజు ప్రాంతంలో లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం మొదలై ప్రాణం మీదికే రావచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆస్పత్రిలో అయితే ఆ నాలుగైదు రోజులూ మాత్రలు లెక్కగా ఇచ్చి తగ్గిస్తూ వస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ చేస్తారు, అది అందకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఎంత తాగుతావు, పొద్దున చేతులు వణుకుతాయా అని అడగకుండానే మొదలయ్యే సలహా ఎన్ని పరిశోధనలు వల్లించినా మా దృష్టిలో సైన్స్ కాదు.

నిజంగా పరిశోధన ఉన్నచోట కూడా ఎవరి మీద చేశారో చూడాలి. గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్ల మీద జరిగిన ప్రయోగం మాకు బాగా నచ్చింది, ఎందుకంటే అక్కడ తాగుడు గురించి కూర్చుని మాట్లాడింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలలకి వాళ్లతో మాట్లాడినవాళ్లలో 36 శాతం మంది తాగుడు అదుపులోకొచ్చింది, మామూలు వైద్యం పొందినవాళ్లలో 26 శాతమే. అయితే వాళ్లంతా ప్రమాదకరంగా తాగుతున్నా ఇంకా పూర్తిగా బానిసలు కానివాళ్లు. అదే సలహాని చేతులు వణికేవాడికి యథాతథంగా చెప్తే కుదరదు.

ఇంకో ముచ్చట సైన్స్ అభిమానులకి కాస్త ఇబ్బంది పెట్టేది. దేవుడి మాట ఎత్తుతుందని, తాగుడు మానాలనుకునేవాళ్లే కలిసి మీటింగులు పెట్టుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్‌ని చాలాకాలం చిన్నచూపు చూశారు, 2006 సమీక్షలో దానికి గట్టి ఆధారం లేదనే తేలింది. 2020లో, వైద్య పరిశోధనలన్నీ పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, పది వేలకు పైగా మందిని కలిపి చూస్తే, పద్ధతి ప్రకారం ఆ మీటింగులకి అలవాటు చేయించినవాళ్లు పూర్తిగా మానేసి ఉండటంలో మిగతా చికిత్సల కన్నా మెరుగ్గానే కనిపించారు. దేవుడి వల్లా, వారం వారం పక్కన కూర్చునే మనుషుల వల్లా అంటే, మేం రెండో దానికే ఓటేస్తాం.

2019లో వచ్చిన కేంద్రం సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. అనంతపురం, చిత్తూరు బస్సులు దిగి హోసూరు రోడ్డులోని మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్‌కి చేరుకునే కుటుంబాలు ఆ ఒక్కరి తరఫువే, మిగతా 37 ఇళ్లకి మిగిలేది వీడియో, లేదా ఆ స్తంభం మీది నంబరు. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, మన భాషలోనే మాట్లాడొచ్చు, ఆ సంగతి స్తంభాల మీద ఎవరూ అంటించరు.

చెప్పకుండా కూరలో కలిపే పొడి గురించి ఒక్క మాట. తాగితే వికారం పుట్టించే మాత్ర, డైసల్ఫిరామ్, నిజంగానే ఉంది, కానీ అది వేసుకునేవాడికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకోవాల్సింది. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. ఏం కలిపారో చెప్పని పొడిలో అదే ఉంటే? ఆ స్తంభం మీది ప్రకటన మా క్లాసిఫైడ్స్‌లోనూ ఇన్నాళ్లూ వచ్చింది, డబ్బు తీసుకుని వేశాం. వచ్చే ఆదివారం నుంచి వేయం.