రియాక్టర్ ఫిజిక్స్ చదివితే భవిష్యత్తు లేదా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో డిగ్రీ ఫలితాలు వచ్చినప్పుడల్లా ఒక సందేశం మళ్ళీ పైకి వస్తోంది. దాని సారాంశం ఇది: “ఫిజిక్స్ చదివిన పిల్లలను అణు రియాక్టర్ల వైపు పంపకండి. ప్రపంచమంతా రియాక్టర్లను మూసేస్తోంది. ఐఐటీ వాళ్ళకు తప్ప ఎవరికీ అందులో ఉద్యోగం రాదు. వచ్చినా రేడియేషన్ మధ్య బతకాలి, ఆడపిల్లలకు అసలే పనికిరాదు. ఒకసారి చేరితే బాండు రాసి ఇరుక్కుపోవడమే. పైగా లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్లే చేసేస్తున్నాయి.” ఎమ్మెస్సీ విద్యార్థులకు ఫిజిక్స్ పాఠం చెబుతాను కాబట్టి, ఫోన్‌లో ఈ సందేశం చూపించి “మా పిల్లని ఆపేయమంటారా మాస్టారూ?” అని అడిగే తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తుంటారు. వారి భయం నిజమైనది. ఆ భయానికి ఆధారంగా చూపుతున్న మాటలు మాత్రం చాలావరకు తప్పు. అందుకే ఒక్కొక్కదాన్నీ విడిగా పరిశీలిస్తున్నాను.

రియాక్టర్లు మూతపడుతున్నాయన్న మాటలో కొంత నిజం ఉంది. జర్మనీ తన చివరి మూడు రియాక్టర్లను 2023 ఏప్రిల్ 15న ఆపేసింది. తైవాన్ 2025 మే నెలలో తన చివరి రియాక్టర్‌ను ఆపింది. అయితే సందేశం అక్కడితో ఆగిపోయి, మిగిలిన సగాన్ని చెప్పకుండా వదిలేసింది. అదే 2023 డిసెంబరులో దుబాయ్‌లో జరిగిన వాతావరణ సదస్సులో ఇరవైకి పైగా దేశాలు 2050 నాటికి ప్రపంచ అణు విద్యుత్ సామర్థ్యాన్ని మూడు రెట్లు చేసే దిశగా పనిచేస్తామని ప్రకటించాయి. మన పొరుగున బంగ్లాదేశ్ రూప్పూర్‌లో 1200 మెగావాట్ల రియాక్టర్లు రెంటిని చేపట్టింది. మన దేశంలో పూర్తిగా ఇక్కడే రూపొందించిన 700 మెగావాట్ల రియాక్టర్లలో మొదటిది గుజరాత్‌లోని కాక్రాపార్‌లో 2020 జులైలో క్రిటికాలిటీ (న్యూట్రాన్లతో సాగే గొలుసు చర్య తనంతట తాను నిలబడే స్థితి) సాధించింది, రెండోది 2023 డిసెంబరులో. రాజస్థాన్‌లోని మాహీ బాంస్వాడాలో అదే రకం రియాక్టర్లు నాలుగింటికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. 2025 కేంద్ర బడ్జెట్ 2047 నాటికి 100 గిగావాట్ల లక్ష్యాన్ని పెట్టి, చిన్న మాడ్యులర్ రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. అప్పటికి మన సామర్థ్యం 9 గిగావాట్లకు లోపే. ఆ లక్ష్యం పూర్తిగా నెరవేరుతుందా అన్నది వేరే ప్రశ్న, నాకూ అనుమానాలున్నాయి. కానీ అందులో నాలుగో వంతు జరిగినా ఈ రంగం మూతపడుతోందని ఎవరూ అనలేరు.

ఈ సందర్భంలో కొవ్వాడ గురించి కూడా చెప్పాలి. మన సరిహద్దు దాటగానే వచ్చే శ్రీకాకుళం జిల్లాలో, రణస్థలం మండలంలో, 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా ఉంది. రియాక్టర్లు ఇంకా లేవలేదు. భూముల గురించి, వేట గురించి అక్కడి మత్స్యకారులు చెబుతున్న అభ్యంతరాలు తేలిగ్గా తీసేయదగినవి కావు. కనుక కొవ్వాడను నమ్ముకుని చదువు ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పను. ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈ ఉద్యోగాల ఎంపిక జాతీయ స్థాయిలో జరుగుతుంది.

ఐఐటీ వాళ్ళకు తప్ప రాదన్న రెండో మాట పచ్చి అబద్ధం, మన పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే. ఈ రంగంలోకి ప్రధాన ద్వారం భాభా అణు పరిశోధన కేంద్రం 1957లో ప్రారంభించిన ట్రైనింగ్ స్కూల్. ముంబయితో పాటు కల్పాక్కం, ఇండోర్, హైదరాబాద్‌లలో కూడా ఆ శిక్షణ నడుస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో 60 శాతం మార్కులున్నవారు దరఖాస్తు చేయవచ్చు. ఏ విశ్వవిద్యాలయం అని అడగరు. గేట్ స్కోరు ద్వారా గాని, వారు పెట్టే ఆన్‌లైన్ పరీక్ష ద్వారా గాని ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. తుది ఎంపిక ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభపైనే ఆధారపడుతుంది. అంటే భంజవిహార్‌లోని మన బరంపురం విశ్వవిద్యాలయంలో చదివిన విద్యార్థి, ఐఐటీ విద్యార్థి ఇద్దరూ ఆ గదిలోకి ఒకే స్థాయిలో అడుగుపెడతారు. ఏడాది శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు, విజయవంతంగా పూర్తిచేసినవారిని సైంటిఫిక్ ఆఫీసర్‌గా, ఏడో వేతన సంఘం లెవెల్ 10లో, అంటే 56,100 రూపాయల మూలవేతనంతో నియమిస్తారు.

మన ప్రాంతపు పిల్లలకు దీని విలువ ఇంకొంచెం ఎక్కువ. ఇక్కడ తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే ఒడియా ఒక భాషగా కనీసం మిడిల్ స్కూల్ స్థాయి వరకు పాసై ఉండాలంటారు. ఆంధ్రకు వెళ్తే అక్కడ వరుసగా చదివిన ఏళ్ళు లెక్కపెట్టి స్థానికుడు కాదంటారు. రెండు వైపులా తలుపు సగమే తెరుచుకున్న పిల్లలు వీళ్ళు. అణుశక్తి విభాగపు ఎంపికలో ఈ రెండు అడ్డంకులూ లేవు. బీఎస్సీతో ఆగిపోయిన వారికి కూడా న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ స్టైపెండరీ ట్రైనీల దారి ఉంది. 60 శాతం మార్కులున్న సైన్సు డిగ్రీవారు, డిప్లొమావారు ఆ ప్రకటనలను చూసుకోవాలి.

ఇంత చెప్పాక, సీట్లు చాలా తక్కువన్న నిజాన్ని దాచకూడదు. ఒక విద్యుత్ కేంద్రంలో వందల మంది పనిచేస్తే వారిలో రియాక్టర్ ఫిజిక్స్ చూసేవారు కొద్దిమందే. ఇంటర్వ్యూ సుదీర్ఘంగా సాగుతుంది. నీకు బాగా వచ్చిన విషయం ఏదో చెప్పమని అక్కడి నుంచే లోతుకు తవ్వుతారు. గైడ్ పుస్తకాలు బట్టీపట్టి వెళ్ళిన వారు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మన కళాశాలల్లో ఉన్న అసలు లోటు అదే. సందేశం రాసినవారు ఈ లోటు గురించి రాసి ఉంటే నేను ఆ సందేశాన్ని స్వయంగా పదిమందికి పంపి ఉండేవాణ్ణి.

ఇక రేడియేషన్. మన దేశంలో అణు కేంద్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. శరీరానికి అందే రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టులలో కొలుస్తారు. ఉద్యోగికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదని పరిమితి. ప్రకృతి నుంచి మనిషికి అందే మోతాదు ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. అంటే పరిమితి సున్నా కాదు, పనిలో కొంత మోతాదు ఉంటుంది, దాన్ని ప్రతి ఉద్యోగికీ కొలిచి నమోదు చేస్తారు. అయితే రియాక్టర్ ఫిజిసిస్ట్ పనివేళల్లో ఎక్కువ భాగం గడిచేది లెక్కల గదిలో. రియాక్టర్ పూర్తి శక్తితో నడుస్తున్నప్పుడు దాని కోర్ (ఇంధనం ఉండే నడిభాగం) ఉన్న గదిలోకి ఎవరూ వెళ్ళరు. ఆడపిల్లల విషయానికొస్తే, గర్భం ధరించినట్టు తెలియజేసిన నాటి నుంచి పిండానికి అందే మోతాదు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చాలని నియమం ఉంది. పనికిరారని ఏ నియమంలోనూ లేదు.

ఈ సందేశాన్ని పంచుకుంటున్న వారిలో చాలామంది ఛత్రపురం, గోపాలపురం తీరాల వారే కావడం నన్ను ఆలోచింపజేస్తుంది. అల వెనక్కి తగ్గినప్పుడు ఆ ఒడ్డున ఇసుకపై నల్లని చారలు మిగులుతాయి. అవి ఇల్మనైట్. గుప్పిట్లోకి తీసుకుని ఎండలో చూస్తే మధ్యమధ్య ఎర్రగా మెరిసేవి గార్నెట్, తేనె రంగులో కనిపించే చిన్న గింజలు మోనజైట్. ఆ మోనజైట్‌లో సుమారు 9 శాతం దాకా థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఐఆర్ఇఎల్ ఛత్రపురంలో తవ్వి వేరుచేస్తున్నది ఈ ఖనిజాలనే. అందువల్లే ఆ తీరంలో సహజ రేడియేషన్ సగటు కంటే ఎక్కువ. తరతరాలుగా తెలుగు మత్స్యకారులు వలలు ఆరబెట్టుకుంటున్న నేల అది. వారిని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రేడియేషన్ అన్న పేరు వినగానే బెదిరిపోకుండా ఎంత, ఎక్కడ, ఎంతసేపు అని అడగడం నేర్చుకోవాలని చెబుతున్నాను.

బాండు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. శిక్షణ పొందినవారు మూడేళ్ళు విభాగంలో పనిచేస్తామని రాసివ్వాలి. ఏడాదిపాటు డబ్బిచ్చి చదివించిన సంస్థ అడిగే షరతుగా అది అన్యాయం కాదు. నిజంగా ఆలోచించవలసినది దూరం: కైగా, రావత్‌భాటా, కల్పాక్కం, ఎక్కడ వేసినా అమ్మానాన్నలను చూడటానికి ఒకటి రెండు రాత్రులు రైల్లో గడపాల్సి రావచ్చు. చేరాక మరో దారి ఉండదన్నది కూడా నిజం కాదు. న్యూట్రాన్ల ప్రయాణాన్ని లెక్కగట్టే పద్ధతులే క్యాన్సర్ రేడియోథెరపీలో మోతాదు లెక్కలకూ ఆధారం. ఎమ్మెస్సీ తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేసినవారికి ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టులుగా స్థానం ఉంది.

చివరి మాట, కంప్యూటర్లే అన్నీ చేసేస్తున్నాయన్నది, చదువుకున్నవారు కూడా నమ్ముతున్న మాట. కనుక దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌లో (భారజలం అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) 306 ఛానళ్ళు, అంటే ఇంధనం ఉంచే గొట్టాలు, అడ్డంగా అమర్చి ఉంటాయి. ఒక్కొక్కదానిలో 12 ఇంధన బండిళ్ళు, అంటే యురేనియం కడ్డీల కట్టలు. ఈ బండిళ్ళు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. రియాక్టర్‌ను ఆపకుండానే, సుమారు రోజుకొక ఛానల్‌లో 8 కొత్త బండిళ్ళను తోసి పాతవి తీస్తారు. ఏ ఛానల్? కొత్త ఇంధనం వేసిన చోట శక్తి పెరుగుతుంది. పక్క ఛానళ్ళలో ఇటీవలే వేసి ఉంటే అక్కడ పరిమితి దాటవచ్చు. మరీ ఆలస్యం చేస్తే మొత్తం రియాక్టర్‌లో గొలుసు చర్య నిలబడదు. కంప్యూటర్ అన్ని ఛానళ్ళ అంచనాలనూ ముందుంచుతుంది. వాటిలో దేన్ని నమ్మాలో, కొలతకూ లెక్కకూ తేడా వస్తే ఏది తప్పో తేల్చి సంతకం పెట్టేది మనిషి.

రియాక్టర్ అనుకోకుండా ఆగిపోయిన రోజున ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఇంధనంలో పేరుకున్న అయొడిన్-135, 6.6 గంటల అర్ధాయువుతో (అంటే అంతసేపట్లో సగం) జినాన్-135గా మారుతూ ఉంటుంది. న్యూట్రాన్లను మింగడంలో జినాన్ శక్తి యురేనియం-235 కంటే వేల రెట్లు ఎక్కువ. సుమారు అరగంటలోగా తిరిగి నడపగలిగితే సరే, లేకపోతే జినాన్ తగ్గేదాకా దాదాపు ఒకటిన్నర రోజు ఎదురుచూడాలి. ఆ అరగంటలో కారణం తెలిసిందా, నడపడం క్షేమమా అన్న నిర్ణయం తెరమీద అంకెలు చూసి తీసుకునేది కాదు.

విద్యార్థులకు నేను ఒక అభ్యాసం ఇస్తాను. ఓపెన్‌ఎమ్‌సీ అనే ప్రోగ్రామ్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. సహజ యురేనియం కడ్డీ, చుట్టూ మామూలు నీరు పెట్టి గుణక సంఖ్యను (ఒక తరం న్యూట్రాన్లకు తర్వాతి తరంలో ఎన్ని ఉంటాయన్న నిష్పత్తి, అది 1 అయితేనే గొలుసు చర్య నిలబడుతుంది) లెక్కించమంటాను. అది 1కి చేరదు. ఇప్పుడు నీటి స్థానంలో భారజలం పెట్టమంటాను. దాదాపు అందరూ విలువ వెంటనే 1 దాటుతుందనుకుంటారు, కానీ కడ్డీల మధ్య దూరం అలాగే ఉంచితే విలువ ఇంకా పడిపోతుంది. భారజలం న్యూట్రాన్‌ను దాదాపు మింగదు గానీ, దాన్ని నెమ్మదింపజేయడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. దూరాన్ని పెంచుతూ పోతేనే విలువ 1 దాటుతుంది. మన 220 మెగావాట్ల రియాక్టర్లలో ఛానళ్ళ మధ్య దాదాపు 23 సెంటీమీటర్ల ఎడం ఉండటానికి కారణం అదే. ప్రోగ్రామ్ రెండుసార్లూ సరైన అంకెనే ఇచ్చింది, ఆ అంకె ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ ఎందుకునే.

ఇక చేయడానికి కొత్తగా ఏమీ మిగల్లేదనేవారు థోరియం సంగతి చూడాలి. మన తీరంలోని థోరియం తనంతట తాను ఇంధనం కాదు. అది న్యూట్రాన్‌ను పట్టుకుని ప్రోటాక్టీనియం-233 అయి, 27 రోజుల అర్ధాయువుతో యురేనియం-233గా మారాలి. ఈలోగా ప్రోటాక్టీనియం మరో న్యూట్రాన్‌ను మింగితే రెండు వైపులా నష్టం: న్యూట్రాన్ పోతుంది, రావలసిన యురేనియం-233 కూడా పోతుంది. కల్పాక్కంలో యురేనియం-233తో 1996 నుంచి నడుస్తున్న కామిని రియాక్టర్ సామర్థ్యం 30 కిలోవాట్లు మాత్రమే. అక్కడి నుంచి వందల మెగావాట్ల స్థాయికి వెళ్ళాలంటే ఇంధనాన్ని ఎక్కడ, ఎంతకాలం ఉంచాలి, ఎప్పుడు తీయాలి అన్న లెక్కలు ఇంకా ఎన్నో తేలవలసి ఉన్నాయి. ట్రైనింగ్ స్కూల్ ప్రకటన సాధారణంగా జనవరిలో వస్తుంది. రెండో ఏడాది ఎమ్మెస్సీలో ఉన్నవారు వయోపరిమితి, మార్కుల నిబంధనలను అప్పుడే ఒకసారి స్వయంగా చదువుకోవాలి.