ఖాతాలో డబ్బు పడినా ఓటు ఎందుకు జారిపోతుంది?

2020 జనవరి 9న అప్పటి ముఖ్యమంత్రి జగన్ అమ్మఒడిని ప్రారంభించింది చిత్తూరులోనే. పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏడాదికి రూ.15,000. అంతకు కొన్ని నెలల ముందే ఉమ్మడి జిల్లాలోని 14 అసెంబ్లీ సీట్లలో 13 జగన్ పార్టీ వైసీపీ గెలుచుకుంది. 2024లో అదే జిల్లాలో ఆ పార్టీకి మిగిలినవి పుంగనూరు, తంబళ్లపల్లె. డబ్బు తీసుకుని ఓటేయలేదని అప్పుడు జనాన్ని తిట్టినవాళ్లున్నారు. ఆ తిట్టు అన్యాయం.

మొదటిసారి పడిన డబ్బును జనం సాయం అనుకుంటారు. మూడో ఏడాదికి అది తమకు రావాల్సిన బాకీ. మరుగుదొడ్లకని, బడి నిర్వహణకని కోత పెట్టి రూ.13,000 వేసినప్పుడు తల్లులకు గుర్తుండేది పోయిన రెండు వేలే.

కానీ నా దృష్టిలో అసలు దెబ్బ వేరేచోట తగిలింది. ముఖ్యమంత్రి బటన్ నొక్కితే డబ్బు నేరుగా ఖాతాలో పడేది. మధ్యలో దళారీ లేకపోవడం నిజంగా మంచిదే. అయితే పథకాలను ఇంటికి చేర్చడానికి 50 ఇళ్లకో వాలంటీర్ వచ్చాక సర్పంచికి, ఊళ్లో పార్టీ జెండా మోసినవాడికి విలువ లేకుండా పోయింది. పింఛను సంగతి వాలంటీర్ చూసేవాడు, సరే. రోడ్డు గుంతల గురించి, భూముల రీసర్వేలో తగ్గిన సెంట్ల గురించి ఎవరిని నిలదీయాలి? ఊరి కోపం పైకి చేరే దారే మూసుకుపోయింది. తాతల నాటి పొలానికి ఇచ్చిన పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో, గట్టున పాతిన సర్వే రాయి మీద జగనన్న పేరు. అవి చూసి రైతు ఏమనుకుంటున్నాడో పైవాళ్లకు చెప్పే మనిషి లేకుండా పోయాడు.

ఇది ఒక్క పార్టీ కథ కాదు. 1983లో తిరుపతిలోనూ గెలిచి, కిలో రూ.2 బియ్యం ఇచ్చిన ఎన్టీఆర్ 1989లో ఓడిపోయారు. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు పసుపు-కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు రూ.10,000 చొప్పున ఇచ్చారు, వచ్చినవి 23 సీట్లు. అలాగని పథకాలు దండగ అనలేం. 11 సీట్లకు పడిపోయిన వైసీపీకి 2024లో కూడా సుమారు 39 శాతం ఓట్లు పడ్డాయి.

ఇప్పటి ప్రభుత్వానికీ ఇదే పరీక్ష. 2025లో తోతాపురి మామిడి ధర కుప్పకూలితే కిలోకు ఫ్యాక్టరీలు రూ.8 ఇవ్వాలి, తాము రూ.4 కలుపుతామంది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో, ఎండకు కాయ మెత్తబడిపోతుంటే కాటా ఎప్పుడు పడుతుందోనని టెన్షన్ పడే రైతుకు, అమ్మఒడి స్థానంలో వచ్చిన ‘తల్లికి వందనం’ డబ్బు ఇంట్లో పడిందన్న మాట ఊరటనివ్వదు. ధర మాట కోత మొదలయ్యాక కాదు, మే నెలలోనే ఫ్యాక్టరీల యజమానులను, రైతులను ఒకచోట కూర్చోబెట్టి తేల్చాలి.