దీపాలు ఆర్పేది చిన్న జాలరే

ఆలివ్ రిడ్లే తాబేలు బతుకంతా సముద్రంలోనే గడుస్తుంది. అయినా ఊపిరికి పైకి తేలక తప్పదు, గుడ్డు పెట్టడానికి గట్టెక్కక తప్పదు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సాగరంలో కలిసే చోట 2025 ఫిబ్రవరిలో సుమారు 7 లక్షల తాబేళ్లు ఇలా గట్టెక్కాయి.

రాత్రివేళ ఇసుక మీద దేహాన్ని ఈడ్చుకుంటూ వచ్చిన తల్లి, తెడ్డులాంటి వెనక కాళ్లతో మూరెడు గొయ్యి తీస్తుంది. నూరు గుడ్లకు అటూ ఇటూగా పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ డొప్పతోనే దిమ్మిస కొడుతుంది. కంట కారే నీరు ఏడుపు కాదు, ఒంట్లో చేరిన ఉప్పు బయటికి పోయే దారి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు లేచి వెలుతురున్న వైపు పరుగెడతాయి. సముద్రపు మెరుపు కన్నా వీధి దీపం ప్రకాశంగా ఉంటే దారి తప్పుతాయి. ఆ దీపాలు ఆర్పేదీ, అలా తప్పినవాటిని బకెట్లలో ఏరి నీళ్లలో వదిలేదీ తీరపు జాలరి యువకులే. పోడంపేట వంటి పల్లెల్లో వారి ఇంటి భాష తెలుగు. సముద్రపు కోతకు ఇళ్లు పోగొట్టుకున్న ఊరు అది.

పులికి ఉన్న చట్ట రక్షణే ఈ తాబేలుకూ ఉంది. ఉండాలి కూడా. నవంబరు 1 నుంచి మే 31 వరకు నదీముఖం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధాన్నీ మేము తప్పుపట్టం. అయితే నీళ్లలో వల ఈడ్చుకుపోయే పెద్ద యంత్రపు పడవ, ట్రాలరు, 20 కిలోమీటర్లు దాటి వెళ్లి వల వేసుకోగలదు. మోటారు బిగించిన చిన్న పడవకు ఒడ్డు పక్క నీళ్లే పొలం. ఆపై ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటికీ మరో నిషేధం. రెండూ వర్తించే పడవకు కలిపి ఏడున్నర నెలలు.

తాబేళ్లను ఎక్కువగా చంపుతున్నది ట్రాలు వల. అందులో చిక్కితే పైకి తేలలేక, ఊపిరాడక చస్తాయి. రొయ్యలను లోపలికి వదిలి తాబేలును బయటికి తోసే చట్రం ఎప్పటినుంచో ఉంది. కాస్త చేప జారిపోతుందని యజమానులు దాన్ని బిగించరు. రేవులోనే తనిఖీ చేసి, చట్రం లేని ట్రాలరును కదలనివ్వకూడదు. చిన్న జాలరికి ఇచ్చే జీవనభృతి నవంబరు 1కి ముందే చేతికందాలి. నిషేధ ప్రకటనలు ఒడియాతో పాటు తెలుగులోనూ రేవు గోడల మీద కనిపించాలి.