లేబుల్ మీద దాక్కున్న పారాబెన్లు

ప్యాకెట్ వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవాలంటే కళ్లు చికిలించాల్సిందే. ముందువైపు పెద్ద పెద్ద పండ్ల బొమ్మలు, వెనకవైపు ఆవగింజంత అక్షరాలు! ఓపిక పట్టి చదివినా, ఆహారం చెడిపోకుండా కలిపే నిల్వ పదార్థమైన ‘పారాబెన్’ అన్న మాట చాలాసార్లు కనబడదు. ఒకచోట ‘మిథైల్ పారా హైడ్రాక్సీ బెంజోయేట్’ అంటారు, ఇంకోచోట ఉత్త ‘ఇ218’ అన్న కోడ్ నంబరు. ఇథైల్ రకమైతే 214. వీటి సోడియం లవణాలకు మళ్లీ 219, 215. ఇవన్నీ కంఠస్థం చేసుకుని దుకాణానికి వెళ్లాలా? పైగా బెంజోయేట్ అని కనబడగానే పారాబెన్ అనుకోవడానికీ లేదు, సోడియం బెంజోయేట్ (211) పూర్తిగా వేరు.

అన్నిటికన్నా మండించేది ప్రొపైల్ పారాబెన్ సంగతి. ఇ216 అని పిలిచే దీన్ని ఐరోపా సమాఖ్య 2006లోనే ఆహారంలో కలపడానికి అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తొలగించింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో నిషేధ చట్టం చేసి, అమలును 2027కు పెట్టింది. అమెరికా సమాఖ్య నిబంధనలేమో 0.1 శాతం దాకా అనుమతించాయి. ఒకచోట వద్దన్నది ఇంకోచోట ఎలా సరిపోతుంది?

బూజు, ఈస్టు పెరగకుండా ఆపేందుకు నిల్వ పదార్థం కావాలి, కాదనను. కానీ తినేది మేము. ఏం కలిపారో అందరికీ తెలిసిన పేరుతో, చదవగలిగే అక్షరాల్లో రాయడానికి అడ్డేమిటి?