సాయం అడిగిన పిల్లను చూసి నవ్వకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక హైస్కూలు సీనియర్లను, అంటే ఆఖరి ఏడాది పిల్లలను, వేదిక మీదికి పిలిచారు. ఒక్కొక్కరూ కాలేజీ పేరు చెబుతుంటే చప్పట్లు. ఒకమ్మాయి, "ఫైనాన్షియల్ ఎయిడ్ వచ్చింది కాబట్టే వెళ్లగలుగుతున్నా" అంది. వ్యాఖ్యాత మైకులోనే, "అయితే నాన్నగారి కొత్త కారు ఎవరిదమ్మా?" అన్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. భోజనాల వరసలో ఆ తల్లి తలెత్తలేదు. ఆ నవ్వు నాకింకా మండుతూనే ఉంది.

మా ఇంటి సంగతి చెబుతాను. మా పెద్దాడు సీనియర్‌గా ఉండగా సంక్రాంతి వెళ్లీవెళ్లగానే మావారి ఉద్యోగం పోయింది. కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం ఫాఫ్సా; అది చూసేదేమో రెండేళ్ల కిందటి టాక్స్ లెక్కలు. కాగితం మీద మాది నిండు జీతాల ఇల్లు. ఎంత సాయం ఇస్తారో చెబుతూ కాలేజీ పంపిన అవార్డు లెటర్‌లో 5,500 డాలర్ల ఫెడరల్ లోను తప్ప ఇంకేమీ లేదు. వాడే కూర్చుని ఎయిడ్ ఆఫీసుకి ఉత్తరం రాశాడు. లేఆఫ్ లెటరు, అన్‌ఎంప్లాయ్‌మెంట్ కాగితాలు జతచేశాం. ఇంటి పరిస్థితి తారుమారైతే లెక్క సరిదిద్దే అధికారం ఆ ఆఫీసుకి చట్టమే ఇచ్చింది. చేరతామో లేదో కాలేజీకి చెప్పాల్సిన మే 1 గడువు నెత్తిమీదికొచ్చాక కాలేజీ సొంత నిధుల్లోంచి గ్రాంటు మంజూరైంది. ఆ రాత్రి మావారు ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నారు. సంగతి తెలిసి మాకు బాగా కావలసినావిడే, "బయట అనకు వదినా, చిన్నదానికి రేపు సంబంధాలు చూడొద్దూ?" అంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక, ఆదాయం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఇంజినీరింగ్ చదివినవాళ్లు మన సంఘంలో ఎంతమంది లేరు! అప్పుడు ఊళ్లో ఎవరూ నవ్వలేదు. ఎదురింటి మాస్టారు పిలిచి మరీ దరఖాస్తు నింపిపెట్టేవారు.

ఆస్తులు దాచి ఫారాలు నింపేవాళ్లున్నారని కొందరికి కోపం. న్యాయమైన కోపమే. ఉంటున్న ఇంటి విలువ ఫాఫ్సా అడగదు గానీ, విజయవాడలో స్థలం ఉంటే చూపించి తీరాలి. హెచ్-4 పిల్లల, అంటే తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడి ఉంటున్న పిల్లల, తల్లిదండ్రుల బాధ ఇంకా పెద్దది. వాళ్లకు ఫెడరల్ సాయమే లేదు, కాలేజీలు తమ నిధుల్లోంచి ఇస్తేనే. అందుకు చాలాచోట్ల సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం నింపాలి. పైగా 2024-25 నుంచి ఇంట్లో ఇద్దరు కాలేజీలో ఉంటే ఫాఫ్సా లెక్కలో ఇచ్చే తగ్గింపు పోయింది. మంచి జీతాలున్న ఇళ్లే కవలల ఫీజులకు తల్లడిల్లుతున్నాయి. ఇంకా ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

కార్యవర్గానికి చేతులు జోడించి అడుగుతున్నాను. అక్టోబరు 1న ఫాఫ్సా ఫారం తెరుస్తారు. బతుకమ్మ, దసరా హడావుడి ఉంటుందని తెలుసు, అయినా అందరం కూర్చుని ఫారం నింపుకోవడానికి ఆ నెలలో ఒక శనివారం ఇవ్వండి. వచ్చినవాళ్ల పేర్లు రాయించుకోవద్దు, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. విద్యార్థికో ఖాతా, తల్లికో తండ్రికో ఇంకో ఖాతా తెరవాలి, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. నిరుడు నింపిన పిల్లలు పక్కన కూర్చుని చూపిస్తే గంట పని. లైబ్రరీలో గది నేను మాట్లాడతాను, టీ కూడా నేనే పెట్టుకొస్తాను.